సెప్టెంబరులో ప్వెర్తో వల్లార్తా

అమెరికాలోని మన తెలుగు సంఘంలో మెక్సికో అనగానే డిసెంబరు సెలవులు, ప్రహరీ లోపలి రిసార్టు, తిండీ తిప్పలూ అన్నిటికీ ముందే కట్టేశామన్న గుర్తుగా చేతికో రంగు పట్టీ. పసిపిల్లలతో వెళ్ళేవాళ్ళకు ఆ సుఖం అవసరమే. కానీ పిల్లల బడి గొడవ లేనివాళ్ళు, ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉన్నవాళ్ళు మెక్సికో పసిఫిక్ తీరంలోని ప్వెర్తో వల్లార్తాకు సెప్టెంబరులో వెళ్ళాలని, అదీ ఊరి మధ్యలోనే ఏ చిన్న హోటల్లోనో దిగాలని నేను గట్టిగా చెబుతాను. పెద్దవాళ్ళ అమెరికా విజిటర్ వీసా చెల్లుబాటులో ఉంటే మెక్సికోకు వేరే వీసా అక్కర్లేదు.

అక్కడ జూన్ మధ్య నుంచి అక్టోబరు మధ్య దాకా వానాకాలం. చాలా రోజులు పొద్దున ఎండ కాస్తుంది. సాయంత్రానికి ఊరి వెనక సియెర్రా మాద్రే కొండల మీద మబ్బు కమ్ముతుంది, చీకటిపడ్డాక ఉరుములతో కుండపోత. తెల్లారేసరికి కొండలు పచ్చగా కడిగినట్టుంటాయి. ఒడ్డు వెంబడి మలెకోన్ అని బండ్లు రాని నడకదారి ఉంది. చలికాలంలో జనం భుజాలు రాసుకుంటూ నడిచే ఆ దారిలో సెప్టెంబరులో మోకాళ్ళ నొప్పులున్న అమ్మ కూడా నాలుగడుగులేసి, బెంచీ మీద కూర్చుని, మళ్ళీ లేచి నడవగలదు.

ఆ దారిలో తూబా అమ్మే మనిషి కనిపిస్తే ఆగండి. పెద్ద సొరబుర్రలోంచి కొబ్బరి నీరా గ్లాసులోకి వంచి, పైన సన్నగా తరిగిన ఆపిల్ ముక్కలు వేసి ఇస్తాడు. మనీలాకూ మెక్సికోకూ మధ్య స్పెయిన్ వర్తక ఓడలు తిరిగిన కాలంలో ఫిలిప్పీన్స్ వాళ్ళు ఈ గీత పనిని ఆ తీరానికి తెచ్చారు. తాటికల్లు, ఈతకల్లు ఎరిగిన నాన్నగారికి దాని గురించి ఏమీ వివరించక్కర్లేదు.

తాబేళ్ళ కాలం కూడా అదే. మన విశాఖ, శ్రీకాకుళం తీరాలకు వచ్చే ఆలివ్ రిడ్లీ జాతే ఇక్కడా రాత్రిళ్ళు ఇసుకలో గుడ్లు పెడుతుంది. సంరక్షణ శిబిరాల వాళ్ళు పొద్దుగూకే వేళ తాబేలు పిల్లల్ని సముద్రంలోకి వదులుతారు. అరచేతిలో పట్టేంత ప్రాణి. అల వెనక్కి తోసేస్తుంది, వెల్లకిలా పడుతుంది, తిప్పుకుని మళ్ళీ నీటివైపే పాకుతుంది. చేత్తో ముట్టుకోవద్దంటారు, వినండి.

కష్టాలు లేవనను. ఉక్కపోత విపరీతం, దోమలుంటాయి, వాన పడ్డాక నదులు కలిసేచోట సముద్రం బురదరంగులో ఉంటుంది. 2023 అక్టోబరు 10న లిడియా తుఫాను ఆ ఊరికి దక్షిణాన తీరం దాటింది. అందుకే డబ్బు వాపసు వచ్చే టికెట్లే కొనండి, బీమా తీసుకోండి.

చిన్న రెస్టారెంట్లు కొన్ని మరమ్మతుల కోసం ఆ నెలే మూసేస్తారు. తెరిచి ఉన్నచోట వడ్డించేవాళ్ళకు ఏడాదిలో అన్నిటికంటే గడ్డు రోజులవి. గది అద్దె తగ్గింది కదా అని టిప్పు తగ్గించకండి, ఇంకాస్త ఎక్కువే ఇవ్వండి. మన డబ్బు డిసెంబరులో కంటే అప్పుడే ఆ ఇళ్ళకు ఎక్కువ అక్కరకొస్తుంది.

వీలైతే 15వ తేదీ రాత్రికి అక్కడుండండి. మెక్సికో స్వాతంత్ర్య వేడుక, ఊరంతా ప్రధాన కూడలికి పిల్లాజెల్లాతో వచ్చి "వీవా మెహికో" అని ఎలుగెత్తి అరుస్తుంది. కొన్ని ఏళ్ళు ఆ తేదీ వినాయక నిమజ్జనం అయ్యాక, బతుకమ్మ మొదలయ్యేలోపు పడుతుంది, అప్పుడు మనకు ఎలాగూ కాస్త తీరికే. టికెట్లు అప్పటికి చూడండి.