పొట్టి డొమైన్‌కు పొలం లెక్క పనికిరాదు

భీమవరంలోనైనా అమలాపురంలోనైనా స్థలం ధర చెప్పడానికి పెద్ద చదువు అక్కర్లేదు. పక్క సర్వే నంబరులో మొన్న ఎంతకు రిజిస్ట్రేషన్ అయింది, కాగితం మీద కాకుండా చేతికి ఎంత ముట్టింది, రోడ్డు బిట్టా లోపలి బిట్టా, కాలువ మొదట్లో ఉందా శివారులో ఉందా... ఇవి తెలిస్తే టీ కొట్టు దగ్గర కూర్చున్నవాళ్ళే రేటు చెప్పేస్తారు. పెద్దగా తప్పదు కూడా. ఇప్పుడు ఇదే లెక్కను మన కుర్రాళ్ళు డొమైన్ పేర్లకూ, అంటే వెబ్‌సైట్ల చిరునామాలకూ, వేస్తున్నారు. సాఫ్ట్‌వేర్ జీతంలో కొంత మిగిల్చి మూడు, నాలుగు అక్షరాల పేర్లు కొనిపెట్టుకుని, "ఫలానాది కోట్లకు పోయిందంటండీ, మనది పది లక్షలకైనా పోదా?" అంటున్నారు. పోకపోవచ్చు. ఎందుకు పోదో కొంచెం వివరంగా చూడాలి.

మొదటి తేడా సొంతదారు ఎవరన్నదే. ఎకరం పొలం కొంటే మనం ఏమీ చెయ్యకపోయినా ఏటా ఇన్ని బస్తాలని కౌలు వస్తుంది. డొమైన్ విషయంలో కౌలుదారు మనమే. ఒకేసారి కట్టినా పదేళ్ళకు మించి హక్కు ఇవ్వరు. డాట్ కామ్ పేర్లను నడిపే వెరిసైన్ సంస్థ, మనకు పేర్లు అమ్మే కంపెనీల (రిజిస్ట్రార్ల) దగ్గర తీసుకునే రుసుమును 2024 సెప్టెంబరులో పేరుకు ఏడాదికి 10.26 డాలర్లు చేసింది. దానిమీద రిజిస్ట్రార్ లాభం, పన్ను కలిపి మన జేబులోంచి వెయ్యి రూపాయలు, ఆపైన పోతుంది. కట్టడం మానేస్తే కొన్నాళ్ళు గడువిస్తారు, ఆ తర్వాత జరిమానాతో విడిపించుకోవడానికి మరో 30 రోజులు. అదీ దాటితే పేరు రద్దయి ఎవరికైనా దొరుకుతుంది. అంటే అమ్ముడుపోని పేరు ఊరికే పడి ఉండదు, ఏడాదికోసారి డబ్బు అడుగుతుంది.

పొట్టి పేర్లకు గిరాకీ ఉన్నమాట నిజం. అవి పెరగవు కాబట్టి. ఇంగ్లిష్ అక్షరాలు 26. రెండక్షరాల డాట్ కామ్‌లు మొత్తం 676. మూడక్షరాలవి 17,576. నాలుగక్షరాలవి 4,56,976. ఒంటి అక్షరం డాట్ కామ్‌లలో క్యూ, ఎక్స్, జడ్ మాత్రమే వాడకంలో ఉన్నాయి, మిగతావి 1993 నుంచి ఎవరికీ ఇవ్వకుండా పక్కన పెట్టారు. రెండు, మూడు అక్షరాల డాట్ కామ్ అయితే కొనే కంపెనీ ఎవరో తెలియకపోయినా సాటి వ్యాపారులే ఎంతో కొంతకు తీసుకుంటారు. దానికి టోకు ధర ఉంది. ఆ రేటుకు ఈ వారమే అమ్మేయొచ్చు. నాలుగక్షరాల దగ్గరకు వచ్చేసరికి ఆ భరోసా బాగా పలచబడుతుంది. డాట్ ఇన్‌లో నాలుగక్షరాలంటే సాటి వ్యాపారి కూడా "ఎవరికి అమ్మాలి?" అని ఎదురడుగుతాడు.

ఈ టోకు ధర కూడా రాతి మీద రాసింది కాదు. 2015లో చైనా మదుపరులు పొట్టి పేర్ల మీద పడ్డారు. వాళ్ళకు కావలసినవి ఏ, ఇ, ఐ, ఓ, యూ, వీ లేని పేర్లు. కారణం ఉంది. చైనా మాటలను ఇంగ్లిష్ లిపిలో రాసేటప్పుడు ఐ, యూ, వీలతో మొదలయ్యేవి ఉండవు, మిగతా మూడింటితో మొదలయ్యేవి తక్కువ. కాబట్టి అచ్చుల్లేని నాలుగక్షరాల పేరు అక్కడి ఏదో ఒక కంపెనీకి పొడి అక్షరాల పేరుగా సరిపోతుంది. అంతకు ముందు మనవాళ్ళు చెత్త అని వదిలేసినవి నెలల్లో రెండు వేల డాలర్లు దాటాయి. 2016లో ఆ పొంగు చల్లారింది. అక్షరాలు అవే, పొడవూ అదే. మారింది కొనేవాళ్ళు. పొడవును చూసి ధర కట్టేవాళ్ళు దీని గురించి ఎందుకు మాట్లాడరో నాకు అర్థం కాదు.

పెద్ద అమ్మకాలనే తీసుకోండి. ఎఫ్‌బీ డాట్ కామ్‌ను ఫేస్‌బుక్ 2010లో కొంది, 85 లక్షల డాలర్లకు. అమ్మింది అమెరికా రైతుల సంఘం, ఫార్మ్ బ్యూరో ఫెడరేషన్. జడ్ డాట్ కామ్‌ను 2014లో జపాన్‌కు చెందిన జీఎంఓ ఇంటర్నెట్ దాదాపు 68 లక్షల డాలర్లకు నిస్సాన్ దగ్గర తీసుకుంది. వాయిస్ డాట్ కామ్ 2019లో 3 కోట్ల డాలర్లకు పోయింది. అందులో ఐదక్షరాలు. ఒంటి అక్షరం కంటే ఐదక్షరాలకు నాలుగు రెట్లకు పైగా వచ్చిందంటే పొట్టితనం ఒక్కటే ధర కాదని తేలిపోయింది కదా. ప్రతి అమ్మకంలోనూ ఆ పేరే కావాలనుకున్న, డబ్బున్న కొనుగోలుదారు ఒకడున్నాడు. ఎఫ్‌బీ పక్కనున్న అక్షరాల జంటను చూపించి "ఇదీ దాని పక్క బిట్టే" అంటే ఆ మార్కెట్లో నవ్వుతారు. పైగా మనకు తెలిసేవి బయటపడిన అమ్మకాలే. చాలావాటిని గుట్టుగా ఉంచుతామని ఒప్పందం రాసుకుంటారు, అసలు అమ్ముడుపోని లక్షల పేర్లు ఏ జాబితాలోనూ కనిపించవు. గెలిచిన పుంజులనే లెక్కపెట్టి పందెం కట్టినట్టు ఉంటుంది ఈ అంచనా.

ఇక మన పేర్లు. రాజమండ్రిని 2015లో అధికారికంగా రాజమహేంద్రవరం చేశారు. నోట్లో ఇప్పటికీ రాజమండ్రే, బోర్డు మీద మాత్రం కొత్త పేరు. ఊరి పేరుతో డొమైన్ కొన్నవాడికి ఏది నిలుస్తుందో తేల్చుకోవడమే ఒక టెన్షన్. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మంచి పేరే, కానీ ఇంగ్లిష్‌లో ఎలా రాయాలి? రెండు ఓలా, ఒక యూనా? టీ పక్కన హెచ్ ఉండాలా? ఫోన్లో చెబితే వినేవాడు తప్పు లేకుండా కొట్టగలిగితేనే పేరుకు విలువ. ఒక్కో రాతనూ వేరేవాడు కొనుక్కుంటే నాలుగు ముక్కల్లో ఏదీ పూర్తి ధర పలకదు. తయారీదారుల్లో ఎక్కువమంది ఇంట్లో చుట్టి వాట్సాప్‌లో ఆర్డర్లు తీసుకునేవాళ్ళు. డొమైన్ కోసం లక్ష ఖర్చు పెట్టమంటే ఆ లక్షతో నెయ్యి కొనుక్కుంటామంటారు, తప్పేం లేదు. మరి డబ్బున్న రొయ్యల ఎగుమతిదారులో? వాళ్ళ సరుకులో పెద్ద వాటా అమెరికా వెళ్తుంది. అక్కడి దిగుమతిదారుకు తెలిసింది కంపెనీ పేరు, దాంతోనే సైటు ఉంటుంది. గోదావరి మీద మనకున్న మమకారానికి న్యూయార్క్‌లో రేటు లేదు.

కంపెనీ పేరుకు దగ్గరగా ఉన్న పొట్టి పేరు కొని వాళ్ళకే అమ్ముదామనే తెలివి ఇంకో పొరపాటు. సత్యం ఇన్ఫోవే, సిఫీనెట్ కంపెనీల కేసులో 2004లోనే సుప్రీంకోర్టు తేల్చేసింది, ఒకరి పేరు ప్రతిష్ఠను వాడుకుని జనాన్ని భ్రమపెడితే ట్రేడ్‌మార్కుకు వర్తించే సూత్రమే డొమైన్‌కూ వర్తిస్తుందని. డాట్ ఇన్ పేర్లకైతే వాటిని చూసుకునే నిక్సీ అనే సంస్థ దగ్గర మధ్యవర్తిత్వం ఉంది. దురుద్దేశంతో కొన్నట్టు రుజువైతే పేరు పైసా రాకుండా చేయి జారుతుంది. అలాంటి పేరు ధర సున్నా కూడా కాదు, అంతకంటే కింద.

ఆన్‌లైన్‌లో ఉచితంగా విలువ కట్టే యంత్రాలున్నాయి. పాత అమ్మకాలు, అక్షరాల సంఖ్య, ఇంగ్లిష్ మాటకు వెతుకులాట ఎంత ఉంది వంటివి కలిపి ఒక అంకె చూపిస్తాయి. మూడక్షరాల డాట్ కామ్‌కు ఆ అంకె కొంత ఉపయోగపడుతుంది. తెలుగు మాటకు మాత్రం నమ్మదగ్గది కాదు. దీని పక్కనే ఒక పాత మోసం ఉంది, జాగ్రత్త. "మీ పేరుకు 15 వేల డాలర్లు ఇచ్చే పార్టీ ఉంది, కాకపోతే ఫలానా సైటులో విలువ సర్టిఫికెట్ తీసుకోండి" అని మెయిల్ వస్తుంది. సర్టిఫికెట్‌కు డబ్బు కట్టగానే పార్టీ మాయం. నిజంగా కొనేవాడు సర్టిఫికెట్ అడగడు, డబ్బును ఎస్క్రోలో, అంటే పేరు చేతులు మారేదాకా మధ్యవర్తి దగ్గర, పెడతానంటాడు.

మరి ధర ఎలా కట్టాలి? ఈ వ్యాపారంలో ఉన్నవాళ్ళు తరచూ చెప్పే మాట, వంద పేర్లుంటే ఏడాదికి ఒకటో రెండో అమ్ముడుపోతాయని. వంద పేర్లకు రెన్యువల్ లక్ష రూపాయలు అనుకుందాం. ఒకటే అమ్ముడుపోతే అది కమీషన్ పోగా లక్ష తేవాలి, రెండు పోతే ఒక్కోటి యాభై వేలు. అది కూడా లాభం లేకుండా, పెట్టింది తిరిగి రావడానికే. పేరుకు ఇరవై వేలు వస్తే చాలనుకుని వంద కొన్నవాడు ఏటా నష్టం కొంటున్నట్టే. పది మంచి పేర్లున్నవాడు వీడికంటే నయం.

ఒక నాలుగక్షరాల డాట్ ఇన్ పేరుకు ఎవరో 40 వేలు ఇస్తామన్నారనుకోండి. మీ మనసులో 5 లక్షలుంది. ఆ ధరకు కొనేవాడు ఏ ఏడాదైనా దొరికే అవకాశం నూటికి ఒకటి అనుకుంటే, పదేళ్ళలో దొరికే అవకాశం పదో వంతుకు కాస్త తక్కువ. 5 లక్షల్లో ఆ వంతు 48 వేలు. అమ్మకపు సైటు 20 శాతం కమీషన్ తీసుకుంటే 38 వేలు. పదేళ్ళ రెన్యువల్ పది వేలు తీసేస్తే 28 వేలు, అదీ పదేళ్ళు కాచుకున్నాక. నేనైతే 45 అడిగి చూస్తాను. రాకపోతే 40కే ఇచ్చేస్తాను. 5 లక్షలు పట్టుకుని కూర్చోవాలంటే, ఆ పేరు తప్ప మరోటి పనికిరాని కంపెనీలు కనీసం మూడింటి పేర్లు కాగితం మీద రాయగలగాలి.