స్టీవర్డ్ అంటే పందుల కాపరి కాదండీ

"స్టై అంటే పందుల దొడ్డి, వార్డ్ అంటే కాపలా, రెండూ కలిసి స్టీవర్డ్ అయింది, అంటే అసలు పందుల కాపరి, అలాంటి ఒక కాపరి వంశమే స్కాట్లాండ్‌ని ఏలింది" అని ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. వినడానికి బానే ఉంది గానీ ఈ మాట పుట్టుక గురించి అందులో ఒక్క "వార్డ్ అంటే కాపలా" అన్నదే సరైన ముక్క.

పాత ఇంగ్లీషులో ఈ మాట స్టిగ్‌వేర్డ్, అందులో వేర్డే ఇప్పటి వార్డ్. గొడవంతా ఆ స్టిగ్ దగ్గరే. ఇక్కడ దానర్థం ఇల్లు, లేదా ఇంట్లో ఒక భాగం అనుకోవచ్చు. పందుల దొడ్డికి వాడే స్టై కూడా బహుశా ఈ మాటకి చుట్టమే, అందుకే జనం పొరబడుతున్నారు. కానీ గోశాలలో శాల ఉంది కదా అని పాఠశాలని పశువుల కొట్టం అంటామా? దొరికిన పాత రాతల్లో స్టీవర్డ్ అంటే పెద్దింటి వ్యవహారాలు చూసేవాడే, పనివాళ్లు, ఖర్చులు, భోజనాల బల్ల అన్నీ ఆయన చేతిలోనే, పందుల్ని కాసినట్టు ఎక్కడా లేదు. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ డిక్షనరీ కూడా పందుల దొడ్డి కాపరి అనే అర్థానికి ఆధారం లేదనే చెప్పింది.

ఇంకోటి, పందులు కాసేవాడికి ఇంగ్లీషులో వేరే మాట ఉండనే ఉంది, స్వైన్‌హర్డ్. గొర్రెలవాడు షెపర్డ్, మేకలవాడు గోట్‌హర్డ్, అన్నిటి చివరా హర్డే గానీ వార్డ్ కాదు.

రాజవంశం సంగతంటారా, స్ట్యువార్ట్‌ల మూలపురుషుడు వాల్టర్ ఫిట్జ్‌అలాన్, 12వ శతాబ్దంలో స్కాట్లాండ్ రాజు దగ్గర స్టీవర్డ్, పుట్టుకతోనే పెద్దింటివాడు. లాటిన్ పత్రాల్లో ఆ పదవిని డాపిఫర్ అని రాశారు, అంటే విందు వడ్డించేవాడు అని. స్టీవర్డ్ అనే పదవి పేరే స్ట్యువార్ట్ అనే ఇంటిపేరైంది, 1371లో ఆ ఇంటి రాబర్ట్ II రాజయ్యాడు, మధ్యలో పందులెక్కడా లేవు.

నాకు అన్నిటికంటే బాధ కలిగించేది మాత్రం ఆ మెసేజ్ ఆఖర్న "అందుకే అది తక్కువ మాట" అని తేల్చేయడం. లార్డ్ అనే మాట ఎలా పుట్టిందో చూడండి, హ్లాఫ్‌వేర్డ్, అంటే రొట్టె కాపాడేవాడు. యజమాని పేరులోనూ, ఆయన ఇల్లు చూసుకునేవాడి పేరులోనూ ఉన్నది అదే వేర్డ్. సొత్తు తనది కాదు, తాళాలు మాత్రం తన దగ్గరే, పైసా పైసాకీ లెక్క అప్పజెప్పాలి, అంత నమ్మి ఇల్లప్పగించిన మనిషికి పెట్టిన పేరది.