లిలియన్ గిష్ పేరు ఆ హాలు మీద ఉండాలా, వద్దా?

సంగతి ఇది. అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని బౌలింగ్ గ్రీన్ స్టేట్ యూనివర్సిటీలో ఒక సినిమా హాలుకి 1976 నుంచి మూకీల నాటి నటీమణులు, గిష్ అక్కచెల్లెళ్లు లిలియన్, డోరతీల పేరు ఉండేది. నల్లజాతి విద్యార్థుల సంఘం అభ్యంతరం చెప్పడంతో 2019లో ట్రస్టీలు ఆ పేరు తీసేశారు. కారణం లిలియన్ నటించిన 1915 నాటి సినిమా ‘ది బర్త్ ఆఫ్ ఎ నేషన్’. మూకీ సినిమాలంటే ప్రాణం పెట్టే మేనమామ, ఒహాయోలో చదువుకుని సెలవులకి ఇంటికొచ్చిన మేనకోడలు దీని మీద వాదించుకున్నారు.

మావయ్య: 1912లో మొదటి సినిమా, 1987లో చివరిది. 75 ఏళ్లమ్మా! సినిమాకి ఇంకా మాటలు రాని రోజుల్లో మొదలుపెట్టి, వీడియో క్యాసెట్లు ఇళ్లలోకి వచ్చేదాకా నటించిన మనిషి. అన్నేళ్లలోంచి ఒక్క సినిమా పట్టుకుని పేరు చెరిపేస్తే అది ఏం న్యాయం?

మేనకోడలు: ఒక్క సినిమానే, కానీ ఎలాంటి సినిమా మావయ్యా! ముసుగులేసుకుని నల్లవాళ్లను చంపిన కూ క్లక్స్ క్లాన్‌ని అందులో హీరోలుగా చూపించారు. తెల్ల నటులు మొహాలకి రంగు పూసుకుని నల్లవాళ్ల వేషాలు వేసి వాళ్లను రాక్షసుల్లా ఆడారు. ఆ క్లాన్ అప్పటికి ఎప్పుడో చితికిపోయిన సంఘం. సినిమా వచ్చిన ఏడాదే, నవంబర్‌లో, జార్జియాలో స్టోన్ మౌంటెన్ అనే కొండ మీద సిలువ తగలబెట్టి మళ్లీ మొదలుపెట్టారు. ఆ తర్వాత మనుషుల్ని చేర్చుకోవడానికి ఈ సినిమానే వేసి చూపించేవాళ్లు. దాని వల్ల పోయిన ప్రాణాలకి లెక్క ఎవరు చెప్తారు?

మావయ్య: తీసింది గ్రిఫిత్. దానికి మూలమైన నవల రాసింది డిక్సన్. షూటింగ్ నాటికి ఈ అమ్మాయికి ఇంకా ఇరవయ్యో ఏడు. డైరెక్టర్ నిలబడమన్న చోట నిలబడే రోజులవి. ఆ వేషం కూడా ముందు వేరే ఆవిడకని అనుకున్నదే, రిహార్సల్లో ఈమెను నిలబెట్టి చూసి ఇచ్చారు.

మేనకోడలు: అది నేనూ చదివాను. కానీ వేసింది ఏదో పక్క వేషం కాదు కదా. చివర్లో ఆమెను గదిలో బంధించి పెళ్లి చేసుకోమని ఒకడు బలవంతం చేస్తుంటాడు, వాడు మిశ్రమజాతి నాయకుడు. బయట గుర్రాల మీద క్లాన్ వస్తుంటుంది. ఆమె మొహం, గుర్రాలు, మళ్లీ ఆమె మొహం. ఆ భయం అంత నిజంగా ఉంది కాబట్టే హాల్లో జనం ఆ గుర్రాలు ఎప్పుడొస్తాయా అని ఎదురుచూశారు. నువ్వు ఇంతగా మెచ్చుకునే ఆ ప్రతిభే అక్కడ పనిచేసింది మావయ్యా. ఆమె చేతగాని నటి అయ్యుంటే నాకు ఇంత బాధ ఉండేది కాదు.

మావయ్య: ఇది నన్ను ఇబ్బంది పెట్టే మాటే, కాదనను. కానీ ఆ ప్రతిభ ఇంకెక్కడెక్కడ పనిచేసిందో కూడా చూడాలి కదా. ‘వే డౌన్ ఈస్ట్’ 1920లో వచ్చింది. మోసపోయి, బిడ్డను పోగొట్టుకుని, మంచు తుఫానులో ఇంట్లోంచి గెంటేయబడ్డ పిల్ల వేషం. నది మీద విరిగిన మంచుపలక మీద స్పృహ తప్పి పడి ఉంటుంది, పలక ప్రవాహంలో కొట్టుకుపోతుంటుంది. వెర్మాంట్‌లో నిజం నది మీద, నిజం చలిలో తీశారు. చెయ్యి, జుట్టు నీళ్లలో వేలాడేయడం ఎవరో చెప్పింది కాదు, ఆమె ఆలోచనే. టేక్ మీద టేక్ తీస్తుంటే ఆ వేళ్లు చలికి దెబ్బతిని బతికినంత కాలం ఆ బాధ ఉండిపోయింది. ఆ సీను ఎన్నిసార్లు చూశానో నాకే లెక్కలేదు, చూసిన ప్రతిసారీ ముందు నా కళ్లు ఆ చేతి మీదకే పోతాయి. ఎనిమిదేళ్ల తర్వాత ‘ది విండ్’ కోసం మోహావే ఎడారిలో, మండే ఎండలో, విమానం ప్రొపెల్లర్లు పెట్టి మొహం మీదకి ఇసుక కొట్టిస్తుంటే నిలబడింది. ఇంత చేసిన మనిషికి ఒక చిన్న కాలేజీ హాలు మీద పేరు ఉండకూడదా?

మేనకోడలు: కష్టపడలేదని నేను అన్నానా? ఇరవై ఏళ్లప్పుడు తెలియక చేసిందనుకుంటే నేనూ సరే అంటాను. కానీ 1969లో ఆత్మకథ రాసింది, అప్పటికి 75 ఏళ్లు. మార్టిన్ లూథర్ కింగ్‌ని చంపిన మరుసటి ఏడాది అది. అప్పుడు కూడా గ్రిఫిత్‌ని వెనకేసుకొచ్చిందే కానీ, ఆ సినిమా తప్పు అని అనలేదు. అంత ఆయుష్షు, అంత పేరు ఉండి ఒక్క మాట అనలేకపోయింది. 75 ఏళ్ల కెరీర్ అని నువ్వు పదేపదే అంటుంటే నాకు మాత్రం అన్నేళ్ల మౌనం వినిపిస్తోంది.

మావయ్య: అది విశ్వాసమమ్మా. తండ్రి వదిలేసి వెళ్లిపోతే తల్లి నాటకాల్లో వేషాలేసి పెంచింది, అక్కచెల్లెళ్లిద్దరూ చిన్నప్పుడే స్టేజి ఎక్కారు. వాళ్లకి సినిమాలో చోటిచ్చింది గ్రిఫిత్. ఆ మనిషిని చివరికి హాలీవుడ్ మొత్తం మర్చిపోయింది, 1948లో పట్టించుకునేవాళ్లు లేకుండా పోయాడు. ఈమె మాత్రం వదల్లేదు. అన్నం పెట్టిన చేతిని...

మేనకోడలు: అన్నం పెట్టాడని ఆమె తలుచుకుంటే సరే. ఆ అన్నానికి వెల చెల్లించింది మాత్రం వేరేవాళ్లు.

మావయ్య: సరే, ఇంకో సంగతి చెప్తా విను. 1955లో ‘ది నైట్ ఆఫ్ ది హంటర్’. రాత్రి, చీకటి, ఇంట్లో పిల్లలు. బయట వాళ్లను చంపడానికి వచ్చిన దొంగ పాస్టర్ కూర్చుని భజన పాడుతుంటాడు. లోపల ముసలావిడ వేషంలో లిలియన్ ఊగుడు కుర్చీలో, ఒళ్లో తుపాకీ పెట్టుకుని, అదే పాటకి తనూ గొంతు కలుపుతుంది. గట్టిగా కాదు, అరవదు, బెదిరించదు. ఆ సినిమాలో పాస్టర్ వేళ్ల మీద ‘ప్రేమ’, ‘ద్వేషం’ అని పచ్చబొట్లుంటాయి. 1989లో నల్లజాతి దర్శకుడు స్పైక్ లీ తన ‘డూ ద రైట్ థింగ్’లో ఒక నల్ల కుర్రాడి వేళ్లకి అవే మాటలు ఉంగరాలుగా తొడిగాడు. అదే స్పైక్ లీకి 2013లో గిష్ ప్రైజ్ ఇచ్చారు. లిలియన్ తన వీలునామాలో రాసిపెట్టిన డబ్బుతో నడిచే ప్రైజ్ అది, అప్పట్లో దాదాపు 3 లక్షల డాలర్లు. ఆయన తీసుకున్నాడు! కాలేజీ రోజుల్లో తన మీద బాగా పనిచేసిన సినిమాల్లో ‘ది బర్త్ ఆఫ్ ఎ నేషన్’, ‘ది నైట్ ఆఫ్ ది హంటర్’ ఉన్నాయని, రెంటిలోనూ ఆమే ఉందని కూడా చెప్పాడు. ఆయనకు లేని అభ్యంతరం మనకెందుకు?

మేనకోడలు: ఎందుకంటే ప్రైజ్ రద్దు చేయమని ఎవరూ అడగలేదు. సినిమాలు బ్యాన్ చేయమనీ అడగలేదు. క్లాసులో చూపించండి, చర్చ పెట్టండి, నేనూ వచ్చి కూర్చుంటా. కానీ హాలుకి పేరు పెట్టడమంటే చరిత్ర చెప్పడం కాదు మావయ్యా, మెడలో దండ వేయడం. పైగా 2019లో ఆ హాలుని విద్యార్థులందరూ రోజూ తిరిగే స్టూడెంట్ యూనియన్ బిల్డింగులోకి మార్చారు. అన్నం తినడానికి వెళ్తూ ఒక నల్ల పిల్ల ఆ బోర్డు చూడాలి. ఫీజు కట్టి చదువుకునే చోట ఆ పిల్ల దేనికి సర్దుకుపోవాలి?

మావయ్య: పేరు తిరిగి పెట్టమని యాభై మందికి పైగా సినిమావాళ్లు ఉత్తరం రాశారు. స్కోర్సెసీ, హెలెన్ మిరెన్. జేమ్స్ ఎర్ల్ జోన్స్ కూడా, ఆయన నల్లవాడే కదా.

మేనకోడలు: వాళ్లంటే నాకూ గౌరవమే. కానీ ఆ కారిడార్‌లో రోజూ నడిచేది వాళ్లు కాదు.

మావయ్య: పోనీ, డోరతీ సంగతేంటి? చెల్లెలు. కామెడీలో అక్కని మించిన పిల్ల. ఆ సినిమాలో ఒక్క షాట్‌లో కూడా లేదు. 1968లోనే పోయింది. ఆ పేరెందుకు తీశారు?

మేనకోడలు: ... దానికి నా దగ్గర జవాబు లేదు. డోరతీ పేరు ఒక్కటీ ఉంచేయాల్సింది.

మావయ్య: నా దగ్గరా ఒకదానికి లేదులే. మా ఫిల్మ్ క్లబ్బులో ఆ గుర్రాల సీను ఎడిటింగ్ గురించి చెప్పడానికని ఎన్నోసార్లు వేశాను. షాట్లు లెక్కపెట్టించాను, ఎక్కడ వేగం పెరుగుతుందో చూపించాను. గుర్రాల మీద వచ్చేది ఎవరో మాత్రం కుర్రాళ్లకి ఒక్కసారి కూడా చెప్పలేదు.