ముందు ఆ రంగు డబ్బా పక్కన పెట్టండి

పాత స్వాదర్‌ని బాగుచేశామంటూ ఫొటోలు పెట్టేవాళ్లకు ఒక మాట. రంగు తళతళలాడుతోంది, కొత్త స్టిక్కర్లు పడ్డాయి, సీటుకు కొత్త రెక్సిన్ వచ్చింది. అంతా బాగుంది. మరి కత్తి ఏది? పది ఫొటోలు పెడితే ఒక్కదాంట్లోనూ కత్తి కనపడదు. కోత మిషన్‌కి కత్తి చూపించకపోవడమంటే పెళ్లి ఫొటోల్లో పెళ్లికూతురు లేకపోవడమే.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. స్వాదర్ పంటను కోసి పొడవాటి ఓదెలా పరుస్తుంది, అంతే. నూర్చడం దాని పని కాదు. కొయ్యకాళ్ల మీద ఆ ఓదె ఆరాక కంబైన్ వచ్చి ఎత్తుకుని నూరుస్తుంది. సొంత ఇంజను ఉన్న రకానికి ట్రాక్టర్ అక్కర్లేదు. ముందున్న రెండు పెద్ద చక్రాలే బండిని నడుపుతాయి, తిప్పుతాయి. వెనకవి ఆఫీసు కుర్చీ చక్రాల్లా ఎటు లాగితే అటు పోతాయి. చాలా పాతవాటిలో రివర్స్‌లో స్టీరింగ్ ఉల్టాగా పనిచేస్తుంది. మొదటిరోజు నేను షెడ్డు స్తంభాన్ని దాదాపు ముద్దుపెట్టుకున్నాను.

ఇంతకీ నేనూ రంగుతోనే మొదలుపెట్టాను. అందుకే ఈ కోపం. రెండు వారాంతాలు గీకి, ప్రైమర్ కొట్టి, రంగు వేసి పొలంలోకి దింపితే పట్టుమని ఇరవై మీటర్లు పోలేదు. కత్తి పంటను కోయడం మానేసి నమలడం మొదలుపెట్టింది. కాడలు పీచుపీచుగా గార్డుల్లో (కత్తి ముందు వరుసగా ఉండే ఇనుప వేళ్లు) ఇరుక్కున్నాయి.

ఇంజను ఆపి, తాళం తీసి జేబులో వేసుకుని (ఇది మాత్రం ఎప్పుడూ మర్చిపోకండి, ఇంజను నడుస్తుండగా కత్తి దగ్గర చేయి పెట్టినవాడికి రెండో తప్పు చేయడానికి వేళ్లు మిగలవు) మోకాళ్ల మీద కూర్చుని చూశాను. గార్డులు కొన్ని పైకి, కొన్ని కిందికి వంగి ఉన్నాయి. వాటిలోని లెడ్జర్ ప్లేట్ల (కత్తి బ్లేడు కింద కదలకుండా ఉండే పలకలు) అంచులు నున్నగా అరిగిపోయాయి. కత్తెరకు రెండు అంచులూ పదునుండాలి కదా. నేను కత్తి బ్లేడ్లు కొత్తవి వేసి, కింది అంచును వదిలేశాను! ఆపైన కత్తిని అదిమిపట్టే క్లిప్పులు ఎంత వదులుగా ఉన్నాయంటే బ్లేడుకీ ప్లేటుకీ మధ్య గడ్డి దర్జాగా దూరిపోతోంది.

దారం కట్టి గార్డులన్నీ ఒకే వరుసలోకి తెచ్చాను. తర్వాత పుల్లీని చేత్తో తిప్పుతూ కత్తి కదలిక చూశాను. పాత స్వాదర్లలో మామూలు అమరిక ఇది: గార్డుకీ గార్డుకీ మధ్య 3 అంగుళాలు, కత్తి ప్రయాణమూ 3 అంగుళాలే. కాబట్టి ప్రతి చివరా బ్లేడు మొన సరిగ్గా గార్డు మధ్యకు వచ్చి ఆగాలి. నాది అర అంగుళం అవతల ఆగుతోంది. అదొక్కటి సరిచేశాక వచ్చిన చప్పుడే వేరు. మంగలి కత్తెరలా కచకచ.

ఇంజను మీద పెద్దగా చెప్పను. కొన్ని పాత స్వాదర్లలో ఉండే క్రైస్లర్ స్లాంట్ సిక్స్ అనే ఆరు సిలిండర్ల పెట్రోలు ఇంజను మొండిఘటం. కార్బురేటర్‌లో జిగురైన పాత పెట్రోలు కడిగి, ట్యాంకు తుప్పు తీస్తే చాలాసార్లు లేచి కూర్చుంటుంది. కాకపోతే ఎలుకల గూళ్లు, పొట్టు తీసేయండి. ఎగ్జాస్ట్ వేడికి అంటుకుంటే మీ రంగూ పోతుంది, మీ పంటా పోతుంది.

కోసిన పంటను మోసుకెళ్లి ఓదెగా వదిలే కాన్వాస్ బెల్టులనీ చూసుకోవాలి. పాత నూలువైతే మంచుకు తడిసి బిగుసుకుంటాయి. రాత్రికి వదులు చేయకపోతే తెల్లారేసరికి పట్టీల మీద, రోలర్ల మీద విపరీతమైన లాగుడు పడుతుంది.

"నేరుగా కంబైన్‌తో కోస్తే పోదా, ఈ ముసలి బండెందుకు?" అని అడుగుతారు. కాయ సులువుగా పగలని రకాలు వచ్చాక కనోలాలో (ఆవాల జాతి నూనెగింజ పంట) చాలామంది అలాగే కోస్తున్నారు, కాదనను. ఓదె తేలికగా ఉంటే గాలికి ఎగిరిపోతుంది, వాన పడితే నానుతుంది, అదీ నిజమే. కానీ పొలం సగం పండి సగం పచ్చిగా ఉన్నప్పుడు, మధ్యలో కలుపు పచ్చగా నిలబడినప్పుడు, ఓదె వేసి ఆరబెట్టడానికి మించిన ఉపాయం నాకు దొరకలేదు. కనోలా ప్రధాన కాండం మీది గింజల్లో సుమారు 60 శాతం రంగు మారాక కోస్తాం, తేమ 10 శాతానికి దిగాక నూరుస్తాం. పంటను కత్తి మీదికి వంచే రీల్ మాత్రం బండి వేగం కంటే కాస్త ఎక్కువగా తిరగాలి. మరీ వేగమైతే కాయలు రాలతాయి, నెమ్మదైతే పంట ముందుకు పడుతుంది.

నా బండికి ఎడమ వైపు రేకు ఇంకా తుప్పుగానే ఉంది. చూసినవాళ్లంతా ఎప్పుడు రంగేస్తావని అడుగుతున్నారు. కుడి చివర రెండు గార్డులు మార్చాలి, ముందు అవి కానివ్వండి.