ఒకటి రెండు చోట్ల అర్థమయ్యే అవకాశం

ఈ మధ్య కొందరు వింత వాదన మొదలుపెట్టారు. వాతావరణ బులెటిన్ మామూలు తెలుగులో ఉండాలట. విన్నవాడికి అర్థం కావాలట. రేపు వీళ్లే మందుల చీటీ కూడా చదవడానికి వీలుగా రాయమంటారు. దీన్ని మొగ్గలోనే తుంచెయ్యాలి.

అసలు బులెటిన్‌కి ఏం తక్కువైంది? ‘ఉపరితల ఆవర్తనం సముద్రమట్టానికి 5.8 కిలోమీటర్ల ఎత్తు వరకు విస్తరించి, ఎత్తుకు వెళ్లేకొద్దీ నైరుతి దిశగా వంగి ఉంది.’ ఎంత గంభీరం! బడిలో ఉపరితల వైశాల్యం లెక్కలు చేసినవాళ్లు ఉపరితలం అంటే వస్తువు పైముఖం అనుకుంటారు. ఇక్కడది నేలను వదిలేసి ఆకాశంలో ఉంటుంది. ‘పైన గాలి సుడి తిరుగుతోంది’ అంటే నాలుగు మాటల్లో అయిపోయేదే. మరి ఆ వంపు మాటేమిటి? ఎటు వంగిందో తెలియకుండా ఇల్లాలు డాబా మీద వడియాలు ఎలా పెడుతుంది?

ద్రోణి అంటే గాలి పీడనం తగ్గిన పొడవాటి పట్టీ అని కూడా చెప్పొచ్చు. చెప్పకపోబట్టే మా తాతయ్య భారతం తిరగేశాడు. ద్రోణుడి కొడుకు ద్రౌణి, అంటే అశ్వత్థామ, చిరంజీవి కాబట్టే ఏటా వస్తున్నాడని తేల్చాడు. ఇది లాభమా, నష్టమా?

కోనసీమలో మా బాబాయి ఉన్నాడు. నవంబరులో ధాన్యం కళ్లంలో ఉండగా ఫోన్ చేశాడు. “ఒరేయ్, బరకాలు కప్పాలా, అక్కర్లేదా?”

“తీవ్ర వాయుగుండం వాయుగుండంగా బలహీనపడిందట బాబాయ్.”

హమ్మయ్య అని పడుకున్నాడు. తెల్లారేసరికి ధాన్యం నీళ్లలో ఉంది. తప్పు బాబాయిదే. బలహీనపడిందంటే గాలి వేగం గంటకు 50 కిలోమీటర్ల లోపుకి దిగిందని. మధ్యలో వాన సంగతి ఎవరెత్తారు? గాలి తగ్గితే వానా తగ్గుతుందని ఆయనకి ఆయనే అనుకున్నాడు.

ప్రజలతో వచ్చిన చిక్కే ఇది, మాటలకి తమకు తోచిన అర్థం చెప్పుకుంటారు. ‘ఒకటి రెండు చోట్ల వర్షం’ అంటే ఒక చోటో, రెండు చోట్లో అనుకుంటారు. శాస్త్రం లెక్కలో అది వాన కొలిచే కేంద్రాల్లో పాతిక శాతం వరకు. ‘కొన్ని చోట్ల’ అంటే సగం దాకా. ఇక ‘భారీ వర్షం’ అనిపించుకోవాలంటే 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు పడాలి. 64.4 దగ్గర ఆగిందా, అది మోస్తరు వానే. మీ వంటింట్లో గిన్నెలు తేలుతున్నా సరే, ఆ మిగతా 0.1 పడేదాకా ఓపిక పట్టడం పౌరధర్మం. గిన్నెలు పట్టుకుని వీధిలోకొచ్చి ‘భారీ’ అని అరిచేవాళ్ల మీద చర్య తీసుకోవాలని నా మనవి.

రేవుల్లో ఎగరేసే ప్రమాద సూచికల్ని చూడండి, ఎంత ముచ్చటగా ఉంటాయో. ఒకటి నుంచి పదకొండు వరకు నంబర్లు. పదోది మహా ప్రమాదం. పదకొండోది ఇంకా పెద్ద తుపాను అని భయపడకండి. హెచ్చరికలు పంపే కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని దాని అర్థం.

బాబాయి ఈ ఏడాది బులెటిన్ వినడం మానేశాడు. చీమలు గుడ్లు మోసుకుపోతుంటే చూసి బరకాలు కప్పుతున్నాడు. రేవు అధికారులు దయచేసి ఆ పదకొండో నంబరు ఒకటి ఇప్పిస్తే, ఆయన డాబా మీద ఎగరేస్తాను.