"సినిమాలో ఛాన్స్ వచ్చిందా?" అని అడిగేవాళ్ళకి

ఈ కనుమకి కూడా కోనసీమలో జగ్గన్నతోట తీర్థానికి వెళ్ళాం, బ్యాండ్‌లో నలుగురమూ. పదకొండు ఊళ్ళ ప్రభలు, అంటే అలంకరించి భుజాల మీద మోసే ఎత్తైన కట్టడాలు, ఒక్కచోట చేరే రోజు. గంగలకుర్రు ప్రభ కౌశిక నదిలో దిగినప్పుడు గట్టు మీద నిలబడ్డ మాకు ఊపిరి ఆడలేదు. అంత బరువు భుజాల మీద పెట్టుకుని నీళ్ళలో నడిచేవాళ్ళ అడుగు చెదరకుండా పట్టి ఉంచేది తాషా (పుల్లలతో వాయించే చర్మవాయిద్యం), డోలు. దెబ్బ ఒక్కటి తప్పితే ప్రభ ఒరుగుతుందేమో అనిపిస్తుంది. మాలో తాషా వాయించే తమ్ముడు ఫోన్ పట్టుకున్న చెయ్యి పైకెత్తి ఆ దెబ్బ రికార్డ్ చేసుకుంటున్నాడు. అప్పుడే మా ఊరి బాబాయ్ ఒకాయన కనిపించి, టీ ఇప్పించి, భుజం మీద చెయ్యేసి అడిగారు. "ఏరా అబ్బాయ్, పాటలూ పాటలూ అని తిరుగుతున్నారు, సినిమాలో ఛాన్సేవన్నా వచ్చిందా?"

ఆయన చాలా మంచివారు. మా మొదటి స్పీకర్‌కి డబ్బులు తక్కువైతే అడక్కుండానే సర్దారు. అందుకే అక్కడ "ఇంకా లేదు బాబాయ్" అని ఊరుకున్నాను. కానీ ఇంటికొచ్చాక నిద్ర పట్టలేదు. ఐదేళ్ళుగా పెళ్ళిళ్ళలో, బస్టాండులో, ఆఖరికి చావు ఇంట్లో కూడా మమ్మల్ని అడిగే ప్రశ్న ఇదొక్కటే. వడ్రంగి తలుపు చేస్తే "సినిమా సెట్టుకి చేశావా" అని ఎవరూ అడగరు. తలుపు సరిగ్గా మూసుకుంటుందా లేదా అని చూస్తారు. మా పాటని కూడా అలా చూడమని అడగడానికే ఈ పోస్ట్ రాస్తున్నాను. కాస్త పొడుగైనా ఓపిగ్గా చదవండి.

2020 లాక్‌డౌన్‌లో భీమవరం హాస్టల్ మూసేస్తే నేను రాజోలు దగ్గర మా ఊరికి వచ్చేశాను. మా పెదనాన్నగారిది కొబ్బరి వ్యాపారం. ఆయన కొట్టులో అటక మీద ఎండబెట్టే కురిడీ కాయలు నెలల తరబడి ఉంటాయి, కింద ఖాళీ. ఆ ఖాళీలో అన్నయ్య గిటార్ పట్టుకుని కూర్చునేవాడు. గోడల చుట్టూ కొబ్బరి డొక్కలు, అంటే కాయ మీది పీచు తొక్కలు, పేర్చేశాం. హైదరాబాద్ స్టూడియోల్లో గోడలకి అంటించే ఫోమ్ ఏం పని చేస్తుందో మా డొక్కలూ అదే చేశాయి. లోపలి శబ్దం గోడలకి తగిలి మారుమోగకుండా పీల్చుకునేవి.

గిటార్ ఈ పల్లెటూళ్ళోకి ఎలా వచ్చిందని బయటివాళ్ళు ఆశ్చర్యపోతుంటారు. ఈ డెల్టాలో గిటార్, కీబోర్డ్ చాలామంది నేర్చుకునేది చర్చిలోనే. మా కీబోర్డ్ చెల్లి ఎనిమిదో తరగతి నుంచీ ప్రతి ఆదివారం క్వైర్‌కి వాయిస్తోంది. అన్నయ్యకి మొదటి మూడు కార్డ్స్ (తీగలు కలిపి మీటే పట్లు) నేర్పింది ఆ చెల్లి వాళ్ళ నాన్నగారే, క్రిస్మస్‌కి ఇంటింటికీ పాడుకుంటూ తిరిగే రోజుల్లో. తాషా తమ్ముడిది గరగల మేళం కుటుంబం. జాతరలో అమ్మవారి గరగలు (అలంకరించిన కలశాలు) ఎత్తితే వాళ్ళ తాత వాయించాల్సిందే. నేను మాటలు రాస్తాను, పాడతాను. మా నలుగురినీ కలిపి కూర్చోబెట్టిన సంగీతం స్కూల్ ఏదీ లేదు. ఆ కొట్టే కూర్చోబెట్టింది.

"ఇదంతా వెస్టర్న్ కదరా, మన దాన్ని చెడగొడుతున్నారు" అనే పెద్దలు కొందరున్నారు. వాళ్ళకి చేతులు జోడించి ఒక్క మాట చెప్తాను. మా దగ్గర్నుంచి చించినాడ వంతెన దాటితే పాలకొల్లు. 1969లో అక్కడ పుట్టిన శ్రీనివాస్ గారు మాండొలిన్ పట్టుకున్నారు. అది ఇటలీ నుంచి వచ్చిన వాయిద్యం, పైగా ఆయన వాయించింది ఎలక్ట్రిక్‌ది. తొమ్మిదేళ్ళ వయసులో 1978లో గుడివాడలో త్యాగరాజ ఆరాధనకి కచేరీ చేశారు. ఆ తీగల మీద గమకం, అంటే స్వరాన్ని ఊపి పలికించడం, కుదరదని సందేహించినవాళ్ళు అప్పుడూ ఉన్నారు. చివరికి ఆ వాయిద్యమే ఆయన ఇంటిపేరై కూర్చుంది. ఇటు మా వైపు శంకరగుప్తంలో 1930లో పుట్టిన బాలమురళీకృష్ణ గారు పాడటంతో ఆగకుండా కొత్త రాగాలు కల్పించారు, వయొలిన్ కంటే కాస్త పెద్దదైన వయోలా కూడా వాయించారు. అందుకు మాటలు పడ్డారు కూడా. ఆయన సినిమాల్లో పాడారు, కానీ ఆయన్ని సినిమాతో ఎవరైనా కొలిచారా? ఇంత పెద్దవాళ్ళతో మమ్మల్ని పోల్చుకునే ధైర్యం నాకు లేదు. బయటినుంచి వచ్చిన తీగ మీద మన మాట పలికించడం ఈ నేలకి కొత్త కాదని మాత్రం గట్టిగా చెప్పగలను.

మేం ఫోన్లో వింటూ పెరిగినవి వేరే ఉన్నాయి. కేరళ వాళ్ళ అవియల్ బ్యాండ్ అచ్చం మలయాళంలో రాక్ పాడుతుంటే రాత్రంతా విన్నాం. చెన్నైలో 2017లో మొదలైన క్యాస్ట్‌లెస్ కలెక్టివ్ బ్యాండ్ అక్కడి బస్తీల గానా పాటని స్టేజీ మీదికి తెచ్చిన తీరు చూసి మా తమ్ముడు తాషాని వెనక వరస నుంచి ముందుకి జరిపాడు. హైదరాబాద్ చౌరస్తా బ్యాండ్ విన్నాకే తెలుగులో ఇలా పాడొచ్చన్న ధైర్యం వచ్చింది. వీటన్నిటికంటే ముందు, మా అమ్మ వంటింట్లో పాడుకునే పాటలు. అవన్నీ సినిమా పాటలే. సినిమా పాట మీద మాకు చిన్నచూపు ఎప్పుడూ లేదు.

ఒక ఊరి ఉత్సవంలో జరిగింది చెప్తాను. ఊరి పేరు వద్దు. నలభై నిమిషాలు సొంత పాటలు పాడుకోండి అని పిలిచారు. రెండో పాట సగంలో ఉండగా కమిటీ ఆయన స్టేజీ ఎక్కి, మైకు తీసుకుని, "తమ్ముళ్ళూ, జనం లేచిపోతున్నారు, ఏదైనా మంచి హీరో పాట అందుకోండి" అన్నారు. నిజానికి జనం లేవలేదు. ముందు వరసలో ఆడవాళ్ళు వింటున్నారు, నేను వాళ్ళ మొహాలు చూస్తూనే పాడుతున్నాను. మూడో పాట మొదలెట్టగానే సౌండ్ తగ్గించేశారు. చెల్లి కీబోర్డ్ ముందు అలాగే నిలబడిపోయింది. మాట్లాడుకున్న డబ్బులో సగమే ఇచ్చారు. డబ్బు సంగతి ఎప్పుడో మర్చిపోయాను. ఆ పిల్ల మొహం మాత్రం మర్చిపోలేను.

ఆ రోజు ఆగిపోయిన మూడో పాట గురించి చెప్పాలి.

1996 నవంబరు 6 రాత్రి కోనసీమ మీద పడ్డ తుపాను ఇక్కడ ఏ ఇంట్లో అడిగినా చెప్తారు. వెయ్యి మందికి పైగా పోయారు. నేను అప్పటికి పుట్టలేదు. మా నానమ్మ మాత్రం ఇప్పటికీ నవంబరులో గాలి లేస్తే లేచి కూర్చుంటుంది. ఆ రాత్రి మంచం కోడు పట్టుకుని, పడుతున్న చెట్లని చప్పుడుని బట్టి లెక్కపెట్టిందట. నలభై దాటాక లెక్క వదిలేసిందట. నూట పది చెట్ల తోటలో మిగిలినవి ఇరవై మూడు. "తెల్లారేతలికి తోటలో ఆకాశం అవుపడిందిరా" అంది ఒక రోజు బియ్యం చెరుగుతూ. కోనసీమలో కొబ్బరితోటలో నిలబడి చూసినవాళ్ళకి ఆ మాట అర్థమవుతుంది. తలెత్తితే ఆకులే తప్ప ఆకాశం కనిపించదు. నేను పుస్తకంలో రాసుకున్నది ఆ ఒక్క మాటే. పాటకి పల్లవి అదే అయింది, ఒక్క అక్షరం మార్చకుండా.

మొదట మేం తుపాను అంటే గిటార్ శబ్దం గరగరలాడేలా డిస్టార్షన్ పెట్టి, తాషా గట్టిగా కొట్టి, భీకరంగా చేశాం. మాకు తెగ నచ్చింది. నానమ్మని కొట్టులోకి తీసుకొచ్చి వినిపిస్తే చెవులు మూసుకుంది. "గాలి అలా రాదురా. ముందు ఏ సప్పుడూ ఉండదు. కాకి కూడా అరవదు. అదీ బయం" అంది. నాలుగు నెలల పని పక్కన పడేశాం. అన్నయ్య ఆరో తీగని వదులు చేసి, ఆ ఒక్క తీగనే చాలాసేపు మోగించాడు. కీబోర్డ్ లేదు, తాషా లేదు. రెండో చరణం దాటేదాకా తమ్ముడు పుల్లలు చేతిలో పట్టుకుని కూర్చుంటాడు. వాయించకుండా కూర్చోవడం వాడికి వాయించడం కంటే కష్టం, చెమటలు పట్టేవి. చివర్లో మాత్రం చెట్టుకొక దెబ్బ. లెక్క తప్పేదాకా.

రికార్డింగ్ ఇంకో కథ. తాషా కొట్టులో మోగితే మిగతా ఏదీ వినిపించదు. తమ్ముణ్ణి బయట మామిడిచెట్టు కింద కూర్చోబెట్టి, కిటికీలోంచి వైరు లాగి తీశాం. వర్షాకాలం కావడంతో చర్మం మెత్తబడితే ఎండు కొబ్బరి మట్టలు మంట వేసి కాచుకుంటూ వాయించాడు. సముద్రం దగ్గర కదా, ఉప్పుగాలికి గిటార్ తీగలు రెండు వారాల్లో తుప్పు పడతాయి. చెప్పుల డబ్బాల్లో వచ్చే సిలికా పొట్లాలు ఊరంతా అడిగి పోగుచేసి గిటార్ సంచీలో వేసుకుంటాం. ఆ ఏడాది మొత్తం ఆన్‌లైన్‌లో మా పాటలు విన్నందుకు వచ్చిన డబ్బు ఒక తీగల సెట్టుకి కూడా చాల్లేదు.

ఇక యాస. దీని మీద నాకు నిజంగా కోపం ఉంది. గోదావరి యాస అనగానే సినిమాలో నవ్వించే పాత్రకే పెడతారు. "ఆయ్" అనగానే హాలంతా నవ్వాలి. హీరో ఏడిస్తే మాత్రం పుస్తకాల తెలుగులో ఏడుస్తాడు. గోదావరిని కెమెరాతో చూపించడానికి ఏటా వస్తారు, లంకలు, పడవలు, కొబ్బరిచెట్లు అన్నీ తీసుకుంటారు. ఇక్కడి మనిషి దుఃఖం ఇక్కడి మాటలో ఎలా ఉంటుందో ఎవరికీ అక్కర్లేదు. మా పాట కాకినాడలో ఒక కాలేజీలో మొదటిసారి పాడినప్పుడు "అవుపడింది" అన్న మాట రాగానే వెనకనుంచి నవ్వులు వినిపించాయి. కామెడీ పాట అనుకున్నారు. చివరి దెబ్బలు వచ్చేసరికి ఆ హాల్లో ఫ్యాన్ల చప్పుడు ఒక్కటే ఉంది. ఒకబ్బాయి వచ్చి, "అన్నా, మా అమ్మమ్మ అచ్చం ఇలాగే మాట్లాడుద్ది" అని చెప్పి, ఇంకేం అనలేక వెళ్ళిపోయాడు. మేం ఇన్నాళ్ళు పాడింది అలాంటి ఒక్కడి కోసమే.

ఇప్పుడు బాబాయ్‌కి ఆ రోజు చెప్పని సంగతి చెప్తాను. ఛాన్స్ వచ్చింది. పోయిన ఏడాది హైదరాబాద్ నుంచి ఒకరు ఫోన్ చేశారు. తుపాను పాట బాణీ బాగుందన్నారు. స్పీడ్ పెంచి, మాటలు మార్చి, ఒక డ్యాన్స్ పాటకి వాడుకుంటామన్నారు. ఒకేసారి డబ్బు ఇస్తామని కాగితం పంపించారు. అందులో ఇకముందు ఏ రాయల్టీ అడగబోమని మాతో రాయించుకునే లైను ఉంది. లా చదివిన ఒక అన్న చదివి చెప్పాడు: 2012లో కాపీరైట్ చట్టానికి చేసిన సవరణ ప్రకారం పాట రాసినవాళ్ళూ, బాణీ కట్టినవాళ్ళూ సినిమాహాల్లో సినిమాతో పాటు ఆడినందుకు తప్ప మిగతా రాయల్టీని అలా వదులుకుంటూ సంతకం పెట్టినా చెల్లదు అని. అసలు మేం అంతదాకా ఆలోచించలేదు. నానమ్మ లెక్కపెట్టిన చెట్ల మీద ఎవరో స్టెప్పులేస్తారన్న మాటకే చెల్లి ఏడ్చేసింది. నలుగురం కొట్టులో కూర్చుని వద్దనుకున్నాం. మా నాన్న రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఆయన బాధ నాకు తెలుసు. ఉద్యోగం చేసుకుంటూ సాయంత్రాలు మాత్రం పాటకి పెట్టే కొడుకు రేపు ఏమైపోతాడో అని ఆయన టెన్షన్. ఆ డబ్బుతో తీర్చాల్సిన అప్పు కూడా ఉంది మాకు. అయినా ఆ నిర్ణయం గురించి నేను ఒక్క రోజు కూడా బాధపడలేదు.

కాబట్టి పెద్దలకి, కమిటీ వాళ్ళకి, ముఖ్యంగా మా బాబాయ్‌కి నా మనవి. ఆర్కెస్ట్రా పెట్టుకోండి, హీరోల పాటలు పెట్టుకోండి, మేమూ ముందు వరసలో నిలబడి ఈలలు వేస్తాం. దాని మధ్యలో అరగంట సొంత పాటలకి ఇవ్వండి. మాకే ఇవ్వక్కర్లేదు. పక్కూళ్ళో డప్పు మీద సొంతంగా కట్టి పాడే కుర్రాళ్ళున్నారు, ఊడుపుల పాటలు ఇంకా గుర్తున్న అమ్మలున్నారు. ఆ అరగంటా సౌండ్ తగ్గించకండి. ఇక మేం ఎదురుపడితే, "ఆ రెండో చరణంలో మాట నాకు ఎక్కలేదురా" అనండి, "తాషా ఇంకా ముందే రావాలి" అనండి. తిట్టినా పర్లేదు, పాట గురించి తిట్టండి.

నానమ్మ తిట్టినట్టు. మొన్న పూర్తయిన రికార్డింగ్ ఫోన్లో పెట్టి చెవి దగ్గర ఉంచితే కళ్ళు మూసుకుని మొత్తం విన్నది. చివరి దెబ్బ అయిపోయాక కళ్ళు తెరిచి, "మరి మన గేదె సంగతి పెట్టలేదేటి?" అంది. ఆ రాత్రి కట్టు విప్పుదామని తాతయ్య వెళ్ళేలోపే పాక పడిపోయిందట. ఇన్నేళ్ళలో మాకెవరికీ ఈ సంగతి చెప్పలేదు. ఆదివారం కొట్టులో కూర్చుంటున్నాం, మూడో చరణం రాయాలి.