కారులో ఏసీకి ఒక నాబ్, అద్దం మీది ఆవిరి పోగొట్టడానికి ఒక బటన్ ఇవ్వండి, చాలు

పోయిన వర్షాకాలం, రాత్రి పదింటప్పుడు విజయవాడ నుంచి హైదరాబాద్ వస్తున్నాం. సూర్యాపేట దాటాక వాన ఒక్కసారిగా దంచడం మొదలుపెట్టింది. లోపల నలుగురం, అద్దాలన్నీ ఎక్కించేసి ఉన్నాయి, నిమిషంలో ముందు అద్దానికి లోపలివైపు ఆవిరి పట్టేసింది. పాత కారులో అయితే ఏసీ దగ్గర నాబ్‌ని కుడివైపు చివరిదాకా తిప్పితే గాలి అద్దం మీదికి వచ్చేది, చూడక్కర్లేదు, చెయ్యి దానంతట అదే వెళ్ళేది. ఈ కొత్త కారు కొని అప్పటికి మూడు నెలలు. ఇందులో ఆ నాబ్ లేదు. స్క్రీన్ అడుగున చిన్న ఫ్యాన్ బొమ్మ నొక్కాలి, ఏసీ పేజీ తెరుచుకోవాలి, అందులో అద్దం బొమ్మ ఎక్కడుందో వెతికి నొక్కాలి. గతుకులో వేలు పక్కన తగిలి పాటల పేజీ వచ్చింది. వెనక్కి వచ్చి మళ్ళీ నొక్కుతున్నాను, ఇంతలో మా ఆవిడ "ఏమండీ, ముందు ట్రాక్టర్!" అని అరిచింది. ఎడమ లేన్‌లో ఆగి ఉన్న ట్రాలీ. వెనక లైటు లేదు, రేడియం స్టిక్కర్ కూడా లేదు. బ్రేక్ తొక్కేశాను, పాదం కింద ఏబీఎస్ (గట్టిగా బ్రేక్ తొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది) గరగరమని కొట్టుకుంది, కారు పక్కకి జారకుండా నిలబడింది. ట్రాలీకీ మాకూ మధ్య మహా అయితే ఒక మనిషి పట్టేంత ఎడం. వెనక లారీ ఏదీ లేకపోవడం మా అదృష్టం. పాప వెనక సీటులో నిద్రపోతూనే ఉంది.

ఏడాది కావస్తున్నా ఆ ట్రాలీ నాకు ఇంకా కనిపిస్తోంది. ప్రమాదం దాకా తీసుకెళ్ళిందీ ఆ కారే, ఆపిందీ ఆ కారే. కాబట్టి పాత కార్లే గొప్పవని నేను అనను, అనలేను కూడా. ఎందుకంటే పాత కారు అంటే ఏమిటో మా ఇంట్లో బాగా తెలుసు.

మా నాన్న రాజమండ్రిలో ఇరవై రెండేళ్ళు అంబాసిడర్ టాక్సీ నడిపారు. చలికాలం పొద్దున్నే చోక్ లాగి సెల్ఫ్ కొడితే ఒక్కోసారి అందుకునేది కాదు, అప్పుడు ముందు నుంచి హ్యాండిల్ పెట్టి తిప్పాలి, ఇంజిన్ వెనక్కి కొడితే చెయ్యి విరిగేంత దెబ్బ. గేర్ రాడ్ స్టీరింగ్ కిందే ఉండేది. పవర్ స్టీరింగ్ అన్న మాటే లేదు. మారేడుమిల్లి ఘాట్ మీదుగా భద్రాచలం ట్రిప్ వేసి వచ్చిన రాత్రి ఆయన భుజాలకి అమ్మ కర్పూరం వేసి కాచిన కొబ్బరినూనె రాసేది. అంత మనిషీ పడుకుని మూలిగేవారు. ఆ కష్టాన్ని ఎవరైనా అందంగా చెబితే నాకు ఒళ్ళు మండుతుంది.

కానీ ఒక్క విషయం ఉంది. ఆ కారు నాన్న చేతుల్ని, కాళ్ళని, నడుముని ఎంతైనా అడిగింది గానీ కళ్ళని ఎప్పుడూ అడగలేదు. లైటు డిమ్ చెయ్యాలంటే డిప్పర్ స్విచ్ కింద ఉండేది, క్లచ్‌కి ఎడమ పక్కన, నేల మీద. ఎడమ పాదంతో టక్కున నొక్కడమే. రాత్రి ప్రయాణంలో ఎదురుగా లారీ వచ్చిన ప్రతిసారీ ఆ టక్కు వినిపించేది, ముందు సీటులో పడుకున్న నాకు అది ఇంకా గుర్తే. (ఇప్పుడు అదే పని చేతివేలి దగ్గరికి వచ్చింది, కాలు కదపక్కర్లేదు. అయినా ఎల్ఈడీ హైబీమ్ ఎదుటివాడి కళ్ళలో కొట్టుకుంటూ వెళ్ళేవాళ్ళు ఎంతమంది! ఒక వేలు కదపడానికి బద్ధకమా? దీని మీద వేరే పోస్టు రాయాలి.)

నా దృష్టిలో కారులో మంచి సౌకర్యం అంటే ఒంటికి శ్రమ తగ్గించి కంటిని రోడ్డు మీదే ఉంచేది. వచ్చినవాటిలో చాలావరకు అలాంటివే. 1912లో కాడిలాక్ కార్లకి ఎలక్ట్రిక్ సెల్ఫ్ స్టార్టర్ వచ్చాక హ్యాండిల్ తిప్పే బాధ పోయింది. 1951లో క్రైస్లర్ ఇంపీరియల్‌లో పవర్ స్టీరింగ్ వచ్చింది, మన దగ్గర మామూలు ఇళ్ళ కార్లలోకి రావడానికి ఇంకో యాభై ఏళ్ళు దాకా పట్టింది. క్రూయిజ్ కంట్రోల్ కనిపెట్టిన రాల్ఫ్ టీటర్‌కి చిన్నప్పుడే చూపు పోయింది. ఆయన లాయరు కారు నడుపుతూ మాట్లాడేటప్పుడు ఒక వేగం, వినేటప్పుడు ఒక వేగంతో కుదిపేసేవాడట, పక్కన కూర్చుని ఆ కుదుపులకి విసిగిపోయి వేగం నిలకడగా ఉంచే పరికరం ఆలోచించారని చెబుతారు. అది 1958లో ఇంపీరియల్ కారులోకి వచ్చింది. మన దేశంలో 2014లో మారుతి సెలెరియోతో తక్కువ ధర ఆటోమేటిక్ గేర్లు వచ్చాయి. మా అక్కకి మోకాలి ఆపరేషన్ అయ్యాక క్లచ్ తొక్కలేక డ్రైవింగ్ మానేసింది, ఇప్పుడు ఆ ఆటోమేటిక్ గేర్లున్న కారు వేసుకుని కూకట్‌పల్లి ట్రాఫిక్‌లో ఆఫీసుకి వెళ్ళి వస్తోంది. ఒక మనిషికి తన తిరుగుడు తనకి మళ్ళీ దొరికింది. దీన్ని నేను చిన్న విషయం అనుకోను. ఏబీఎస్ అంటారా, మా నలుగురి ప్రాణం దానికి బాకీ.

మరి స్క్రీన్ ఏం చేసింది? ఒంటికి ఏ శ్రమా తగ్గించలేదు, నాబ్ తిప్పడం ఎవరికీ కష్టం కాలేదు కదా. కంటిని మాత్రం రోడ్డు మీంచి లాగేసింది. నాబ్‌కి ఒక ఆకారం ఉంటుంది, ఒక చోటు ఉంటుంది, తిప్పితే టిక్ టిక్‌మని వేలికి తెలుస్తుంది. స్క్రీన్ అంతా నున్నటి గాజు, ఎక్కడ తాకినా ఒకేలా ఉంటుంది, పైగా పేజీ మారితే బొమ్మ చోటూ మారుతుంది, కాబట్టి చూడక తప్పదు. గంటకి 80 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకి 22 మీటర్లు పోతుంది. నాలుగు సెకన్లు స్క్రీన్ చూస్తే దాదాపు 90 మీటర్లు కళ్ళు మూసుకుని నడిపినట్టే లెక్క. మన రోడ్ల మీద 90 మీటర్లలో ఏం ఉండవు? గేదె, రాంగ్ రూట్‌లో వచ్చే బండి, డివైడర్ సందులోంచి దూకే మనిషి, ఆరబోసిన వడ్లు.

స్వీడన్‌లో వీ బిలెగారె అనే కార్ల పత్రిక 2022లో దీన్ని పరీక్షించింది. గంటకి 110 కిలోమీటర్ల వేగంలో వెళ్తూ ఏసీ మార్చడం, రేడియో పెట్టడం లాంటి పనులు కొన్ని వరసగా చెయ్యాలి. బటన్లున్న 2005 నాటి వోల్వో వీ70లో పది సెకన్లలో అయిపోయాయి, అప్పటికి కారు 306 మీటర్లు వెళ్ళింది. అన్నిటికంటే వెనకబడిన ఎంజీ మార్వెల్ ఆర్‌లో 44.6 సెకన్లు, 1,372 మీటర్లు. కిలోమీటరు పైన! జర్మనీలో ఒకాయన వానలో టెస్లా స్క్రీన్ మీద వైపర్ వేగం మార్చబోయి రోడ్డు దిగి చెట్లకి గుద్దుకున్నారు. 200 యూరోల జరిమానా వేసి నెల రోజులు డ్రైవింగ్ చెయ్యకూడదన్నారు, 2020లో కార్ల్స్‌రూహె పైకోర్టు దాన్నే ఖాయం చేసింది. ఫోన్ చూస్తూ నడపడానికి వర్తించే నిబంధనే దీనికీ వర్తిస్తుందని తేల్చింది. నాకు ఆ తీర్పు చదివి ఆయన మీద జాలే కలిగింది. వైపర్‌ని తీసుకెళ్ళి స్క్రీన్‌లో పెట్టింది ఆయన కాదు కదా.

నేను మా కారు కంపెనీకి మెయిల్ రాశాను. "వాయిస్ కమాండ్ వాడండి సార్" అని జవాబు. టాప్ మీద వాన మోత, టెన్షన్‌లో నా ఇంగ్లీషు, ఇవన్నీ దాటి దానికి మాట అర్థమయ్యేలోపు ట్రాలీని గుద్దెయ్యమా? ఇంకొకటి, లేన్ అసిస్ట్, అంటే రోడ్డు గీతలు చూసి కారుని వాటి మధ్యే ఉంచడానికి స్టీరింగ్‌ని తనే తిప్పేది. అవుటర్ రింగ్ రోడ్డు మీద బాగానే ఉంటుంది, ఒప్పుకుంటాను. రోడ్డు పనులు జరిగే చోట పాత గీతా కొత్త గీతా రెండూ కనిపిస్తాయి, గుంత తప్పించడానికి నేను పక్కకి తిప్పితే అది స్టీరింగ్‌ని గుంత వైపు లాగుతుంది. ఆపెయ్యాలంటే స్క్రీన్‌లో మూడు నొక్కులు. ఇంజిన్ ఆపి మళ్ళీ స్టార్ట్ చేస్తే అది మళ్ళీ ఆన్.

బటన్ ఒక్కొక్కటీ తయారు చేసి, వైరు లాగి, బిగించేకంటే అన్నీ ఒక స్క్రీన్‌లో పడేస్తే కంపెనీకి చవక. అది వాళ్ళ లెక్క. మరి మన లెక్క? షోరూంలో మనమూ అంగుళాలే అడుగుతున్నాం. నేనూ అడిగాను, పది అంగుళాల స్క్రీన్ చూసి పాప ఎగిరి గంతేస్తే పొంగిపోయి పై వేరియంట్ తీసుకున్నాను. ఏసీ నాబ్ ఎక్కడుందని ఒక్క మాట అడగలేదు.

యూరప్‌లో కార్ల భద్రతని పరీక్షించి స్టార్లు ఇచ్చే సంస్థ యూరో ఎన్‌క్యాప్ 2026 నుంచి రూలు మార్చింది. ఇండికేటర్, హజార్డ్ లైట్లు, హారన్, వైపర్, ఎమర్జెన్సీ కాల్, వీటికి చేత్తో తడిమి పట్టుకునే మీటలు లేకపోతే మార్కులు తగ్గుతాయి. మన దేశంలో అలాగే స్టార్లు ఇచ్చే భారత్ ఎన్‌క్యాప్ కూడా ఈ పని చెయ్యాలి, పైగా మన వానలకీ మన ఉక్కకీ తగ్గట్టు అద్దం ఆవిరి పోగొట్టే బటన్‌ని ఆ జాబితాలో కలపాలి. స్టార్ రేటింగ్ చూసి కారు కొనడం ఇప్పుడిప్పుడే మనవాళ్ళకి అలవాటవుతోంది, కాబట్టి అక్కడ అడిగితే కంపెనీలు వింటాయి.

మా తమ్ముడు దసరాకి కారు కొంటున్నాడు, పన్నెండు లక్షల లోపు. రోజూ భీమవరం, ఏలూరు తిరగాలి. మీ కారులో ఏసీకి నాబ్‌లు, అద్దానికి వేరే బటన్ ఉన్నాయా? బండి ఆపి ఉన్నప్పుడు కళ్ళు మూసుకుని వాటి మీద వేలు పెట్టి చూడండి. తడుముకోకుండా దొరికితే మోడల్ పేరు, ఏ సంవత్సరందో రాయండి. ఈ ఆదివారం షోరూంలకి వెళ్తున్నాం.